పచ్చ కవర్లో అన్నం

మా వంటింటి చెత్తబుట్టలో పరిచే కాగితం మా ఆయన తెచ్చేవారు. ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. అచ్చు తప్పిన షీట్లు, రంగు పక్కకు జరిగిన శుభలేఖలు, ఆదివారం రెండుసార్లు పడిన క్యాలెండర్లు అక్కడ గుట్టలుగా ఉండేవి. వాటిలోంచి దళసరివి ఏరి, చుట్ట చుట్టి, చంకలో పెట్టుకొని శాలిబండ దాకా బస్సులో తెచ్చేవారు. కాళ్ళు కడుక్కొని వంటింటి గడప మీద కూర్చొని, ఒక్కో షీటునూ నాలుగు మూలలు మడిచి పెట్టెలా చేసేవారు. బుట్టలో దించితే సరిగ్గా సరిపోయేది. పులుసు పడినా సాయంత్రం దాకా కారేది కాదు.

"ఎవరి పెళ్ళో పాపం, మన ములక్కాడ పిప్పి కింద నలుగుతోంది," అనేదాన్ని.

"తప్పులు దిద్దింది నేను. వాళ్ళ పెళ్ళికి ఢోకా లేదు," అనేవారు. తన పని మీద ఆయనకు అంత నమ్మకం.

మేమిద్దరం కృష్ణా జిల్లా నుంచి తొంభైల మొదట్లో ఈ నగరానికి వచ్చాం. నాకు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, దాని వెనకే ఆయన వచ్చారు. "అందరూ పెళ్ళాన్ని తెచ్చుకుంటారు, నన్ను నా పెళ్ళాం తెచ్చుకుంది," అని ఇంటి యజమానితో చెప్పి నవ్వేవారు. పిల్లలు లేరు. రెండు గదుల వాటా, సన్న గల్లీ, గల్లీ చివర మున్సిపాలిటీ వాళ్ళ చెత్తకుండీ. పదేళ్ళు అక్కడ హాయిగానే ఉన్నాం. హాయిగా ఉన్న సంగతి అప్పుడు తెలియదు, అది వేరే విషయం.

చెత్తబుట్టలోకి అన్నీ వెళ్ళేవి కావు. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు, గంజి, మిగిలిన అన్నం విడిగా ఒక బకెట్టులో వేసేవాళ్ళం. అది కుడితి. అది పాలామెది. పక్క గల్లీలో ఆమెకు మూడు గేదెలు ఉండేవి. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న కుటుంబం, పాడి తప్ప వేరే ఆధారం లేదు. తెల్లవారుతూనే పాలు పోసి, తిరుగుదారిలో ప్రతి గడప ముందూ ఆగి కుడితి పోయించుకొని వెళ్ళేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కుడితి తన బకెట్టులో వంపుకునే ముందు మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టేది. పిన్నీసు, బ్లేడు ముక్క, దారం ఉండ, ఏదున్నా ఆ చేతికి తగలాల్సిందే. ఏ ఇంటి కుడితీ ఆ చెయ్యి దాటకుండా గేదె నోటికి వెళ్ళేది కాదు. కలియబెడుతూ మా వంటల మీద వ్యాఖ్యానం చేసేది.

"నిన్న దొండకాయ చేసినవా చెల్లె? తొక్కలు గింత మందం కోస్తే కూరలకేం మిగుల్తది?"

గల్లీలో ఎవరింట్లో ఏం వండారో, ఎవరింట్లో ఎవరు అలిగి అన్నం మానేశారో ఆమె చేతికి తెలిసిపోయేది. గోడలకు చెవులుంటాయంటారు, మా గల్లీలో కుడితికి నోరుండేది. చెత్త విషయంలో ఆమెది ఒకటే శాసనం. "కవర్లల్ల కట్టి కుండిల పారెయ్యకున్రి. బర్లు వాసన పట్టి కవరుతోనే మింగుతయి." మేం వినేవాళ్ళం. మాకు ప్రెస్సు కాగితం ఉండేది కాబట్టి వినడం సులభంగానే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక మధ్యాహ్నం మా ఆయన ప్రెస్సులోనే కుర్చీలో ఒరిగిపోయారు. గుండె అన్నారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద సగం దిద్దిన ప్రూఫు ఉంది. దాన్ని ఎవరో మడిచి నా చేతిలో పెట్టారు, దేనికో తెలియదు. నేను ఏడవలేదు. ఏడుపు వస్తుందని చూశాను, రాలేదు. బంధువులు వచ్చారు, వెళ్ళారు. పదహారో రోజు ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టాను. "గట్టి మనిషి," అని అక్కడ అందరూ మెచ్చుకున్నారు. నిమ్మకు నీరెత్తినట్టు ఉందని వెనక అనుకున్నారట, అదీ నా చెవిన పడింది. రెండూ నాకు ఒకేలా వినిపించాయి. నా లోపల ఎవరో స్విచ్చి ఆపేసి వెళ్ళారు.

వంట మాత్రం ఇద్దరికి వండేదాన్ని.

ఇది పిచ్చి కాదు. ఆయన వస్తారని నేను ఎదురుచూడలేదు. మరణ ధ్రువీకరణ పత్రం కాపీల మీద నా చేత్తోనే సంతకాలు చేశాను. కానీ పొద్దున్నే బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే స్టీలు గ్లాసు రెండుసార్లు మునిగి లేచేది. ఒకసారి పట్టుబట్టి ఒక్క గ్లాసే పోశాను. అంత గిన్నెలో అడుగున ఆ కాసిని బియ్యం చూస్తే నా మీద నాకే చిరాకు వేసింది. మళ్ళీ రెండో గ్లాసు పోసి పొయ్యి వెలిగించాను. ముద్దపప్పు ఇద్దరికి, కూర ఇద్దరికి. నేను తినేది తిని, మిగిలింది కుడితిలో వేసేదాన్ని.

నెల తిరగకుండానే ఒక పొద్దున పాలామె చెయ్యి బకెట్టులో ఆగిపోయింది.

"ఏంది చెల్లె, సుట్టాలొచ్చిన్రా?"

పిడికెడు అన్నం పైకి తీసి చూపించింది. పప్పు కలిసిన అన్నం, మెతుకు చెదరలేదు.

"అవునక్కా, మా ఆడపడుచు వచ్చింది. నిన్ననే వెళ్ళింది," అన్నాను.

అబద్ధం అంత తొందరగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇద్దరికి వండుతున్నానని తెలిస్తే ఆమె గడప మీద కూర్చొని నా చెయ్యి పట్టుకుంటుంది. మధ్యాహ్నానికి గల్లీ అంతా వస్తుంది. ఒకరు కూర తెస్తారు, ఒకరు తమ పిల్లను రాత్రికి నాకు తోడు పంపుతామంటారు. జాలి నా ఒంటికి పడదు. మరుసటి రోజు నుంచి అన్నం కుడితిలో వేయడం మానేశాను. తొక్కలు, గంజి మాత్రమే ఆమెకు. అన్నం చెత్తబుట్టలోకి.

అక్కడే చిక్కు వచ్చింది. ప్రెస్సు కాగితం అయిపోవచ్చింది. అటక మీద చుట్ట ఒకటే మిగిలింది. నాకు ఆయనలా మడవడం రాదు, నాలుగు మూలల్లో ఒకటి ఎప్పుడూ తెరుచుకునేది. చివరి షీటు ఏదో పాఠ్యపుస్తకంలోది, ఏనుగు బొమ్మ మీద ఇంకో ఏనుగు పడింది. దాన్నీ బుట్టలో దించాను. తర్వాత ఏం పరచాలో చూసుకోవాలి.

వార్తాపత్రిక పరిచాను. ముద్దపప్పు తగలగానే మెత్తబడి, ఎత్తితే అడుగు ఊడి నా కాళ్ళ మీద పడింది. మోదుగాకుల విస్తరి పరిచాను. పుల్లలు విడిపోయి ఆకులు దేనికవి లేచాయి. కిరాణా కొట్టు కాగితం సంచి ఒక పూట ఆగింది, పెరుగన్నం పడ్డాక ఆగలేదు. ఇంకొకటి, ఇవన్నీ మూతలేని వ్యవహారాలు. గల్లీ పొడుగునా నడిచి కుండీ దాకా మోయాలి. దారిలో నలుగురు గుమ్మాల్లో కూర్చొని ఉంటారు. నల్ల కవరైతే కట్టేయొచ్చు, ఏమీ కనబడదు. కానీ పాలామె శాసనం ఉందిగా. నాకు కావలసినదానికి రెండు గుణాలుండాలి. లోపలున్నది కనబడకూడదు. పారేశాక అది కూడా మిగలకూడదు.

ఒక ఆదివారం బేగంబజార్ వెళ్ళాను. పల్చటి కవర్లు వాడొద్దని బోర్డు పెట్టారు, ఆ బోర్డు నీడలో కూర్చొనే ఒకడు పల్చటి కవర్లు అమ్ముతున్నాడు. నాలుగు దుకాణాలు తిరిగాను. ప్రతిచోటా కవరు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. సాగదీశాను. మట్టిలో కలుస్తుందా అని అడిగాను. చీరలకు కూడా నేను ఎప్పుడూ అంత బేరం ఆడలేదు. ఒక దుకాణదారు నవ్వి, "పెళ్ళి సంబంధం జూస్తున్నవా మేడం?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

ఐదో దుకాణంలో ఒక పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి, లోపలి నుంచి పచ్చ కవర్ల కట్ట తెచ్చాడు. చిలకపచ్చ రంగు, మందంగా ఉన్నాయి, చేతికి కొంచెం జిడ్డుగా తగిలాయి.

"గివి ప్లాస్టిక్ గాదు మేడం. ఆలుగడ్డ పిండితోని చేస్తరు. మిట్టీ మే డాలో, మట్టిల ఎయ్యి. మూడు నెలలల్ల ఖతం."

"నిజంగానా?"

ఆయన ఒక కవరు మూల చింపి నోట్లో వేసుకొని నమిలాడు. "దేఖో. మనుషులు గూడ తినొచ్చు."

నములుతూనే ఉన్నాడు. మింగాడో ఉమ్మేశాడో నేను చూడలేదు. రెండు కట్టలు కొన్నాను. ఆ ఏడాది నేను నా అంతట నేను ఎంచుకున్న వస్తువు అదొక్కటే. తెల్ల చీరలు వద్దని రంగువి మా తోడికోడలు ఎంచింది, ఫొటోకు చట్రం మా మరిది ఎంచాడు, ఫొటో తగిలించే గోడ ఇంటి యజమాని ఎంచాడు. పచ్చ కవర్లు మాత్రం నావి. బస్సులో ఒళ్ళో పెట్టుకొని వస్తుంటే మంచి పని చేశాననిపించింది కూడా.

అయినా గుమాస్తా బుద్ధి ఊరికే నమ్మదు. ఒక కవరు ముక్కను డాబా మీద కరివేపాకు తొట్టిలో పాతాను. నెల తర్వాత చెంచాతో తవ్వాను. ముక్క అలాగే ఉంది. మట్టి దులిపితే కొత్తదానిలా మెరిసింది. మూడు నెలలన్నాడుగా, ఇంకా టైముంది అనుకొని మళ్ళీ పూడ్చాను. మూడు నెలలైంది. తవ్వలేదు. తవ్వితే తెలిసిపోతుందని తవ్వలేదు. ఈ మాట నేను అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు ఒక మూట. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన కూర, మిగిలిన పెరుగు. రెండు చెవులూ గట్టిగా ముడివేసి, కుండీ అంచున పెట్టి, బస్టాపుకు నడిచేదాన్ని. కుండీ లోపల వేస్తే అడుగున ఉన్నవాటితో కలిసి నలుగుతుందని ఎందుకో మనసొప్పేది కాదు. ఆయన అన్నమేగా, అంచున మర్యాదగా పెట్టేదాన్ని. ఇంతకంటే తెలివితక్కువ మర్యాద ప్రపంచంలో ఇంకొకరు చేసి ఉండరు.

పాలామె మధ్యాహ్నం పూట గేదెలను నీళ్ళకు వదిలేది. మూడింటిలో పెద్దదానికి ఒక కొమ్ము వంకర. పాలు ఎక్కువిచ్చేది అదే, మిగతా రెండూ అంతంతమాత్రం. ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వస్తుంటే ఆ వంకర కొమ్ముది మా కుండీ దగ్గర నిలబడి ఉంది. నోటి పక్క నుంచి పచ్చటి అంచు ఒకటి వేలాడుతోంది. నేను చూస్తుండగానే దవడలు కదిలి అదీ లోపలికి పోయింది. ఆలుగడ్డే కదా, అనుకున్నాను. అనుకొని ఇంటికి వచ్చి కాఫీ కలుపుకున్నాను. దాన్ని అదిలించడానికి చెయ్యి ఎత్తాలని కూడా నాకు తోచలేదు.

తర్వాత కొన్ని నెలలకు పాలామె ముఖం మాడిపోయింది. "పెద్ద బర్రె మేత ముడ్తలేదు చెల్లె. నెమరేస్తలేదు. కడుపు డోలు లెక్క ఉబ్బింది." పసరు పోసింది, నూనె తాగించింది, దిష్టి తీసింది. చివరికి పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన పొట్ట మీద తట్టి చూసి, కోయాలన్నాడు. వాళ్ళ దొడ్లోనే నిలబెట్టి, మత్తుసూది ఇచ్చి ఎడమ పక్క కోశాడు. గల్లీ అంతా అక్కడే ఉంది. నేనూ ఉన్నాను. డాక్టరు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి ఉండలుగా బయటికి తీశాడు. నల్లవి, తెల్లవి, తాళ్ళు, చినిగిన గోనె ముక్క. తర్వాత పచ్చవి. పచ్చవే ఎక్కువ. బకెట్టు నీళ్ళు కొడితే చిలకపచ్చగా మెరిశాయి. కొన్నింటికి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

మూడో రోజు గేదె చచ్చిపోయింది.

పాలామె దొడ్లో మట్టిలో కూర్చొని గట్టిగా ఏడ్చింది. దాని పేరు పెట్టి పిలిచి, అది ఈనిన దూడలను ఒక్కొక్కదాన్నీ తలుచుకొని, దాని వంకర కొమ్ము నిమురుతూ ఏడ్చింది. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. ఏడవడం ఇలా అన్నమాట అనుకున్నాను, ఎవరో నాకు వంట నేర్పుతున్నట్టు.

ఏడుపు అయ్యాక ఆరా మొదలైంది. పచ్చ కవర్లు ఎవరివి? కుండీ వెనక చిరిగిపడిన పాత మూట ఒకటి దొరికింది. అందులో ముద్దపప్పు, నెయ్యన్నం, గోంగూర. అది ఆంధ్రా వంట అని ఎవరైనా చెబుతారు. మెయిన్ రోడ్డు మీద ఒక ఆంధ్రా మెస్సు ఉంది, నడిపేది మా వైపు మనిషే. రోజూ అంత మంచి అన్నం పారేసేది మెస్సు కాక ఇంకెవరు? నా మొహం ఎవరూ చూడలేదు. ఆంధ్రామెనే అయినా ఒంటరి ఆడది, ఇంత అన్నం ఎక్కడిది? నేను ఏ సంగతి దాచానో అదే నన్ను దాచింది.

పాలామె మెస్సు ముందు నిలబడి, తింటున్నవాళ్ళ ఎదుటే మెస్సాయన్ను తిట్టింది. "నీ మెస్సుల మన్నువడ! నోరులేని జీవిని చంపినవ్. నీకు పాలు బంద్." ఆయన చేతులు జోడించి, పిల్లల మీద ఒట్టు వేశాడు. ఎవరూ నమ్మలేదు. గల్లీ వాళ్ళు అక్కడ తినడం మానేశారు. నేను తేలు కుట్టిన దొంగలా ఎనిమిది రోజులు ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. ఆ ఎనిమిది రోజులూ ఇద్దరికే వండాను. మిగిలిన అన్నం లంచ్ బాక్సులో పెట్టుకొని ఆఫీసు డస్ట్‌బిన్‌లో పోశాను.

తొమ్మిదో రోజు పొద్దున కుండీ దగ్గర మెస్సాయన కనిపించాడు. పంచె ఎగగట్టి, ఉత్త చేతులతో ఒక్కో కవరూ విప్పి లోపల ఏముందో చూస్తున్నాడు. చుట్టూ ఈగలు. పక్కన ఎవరో నవ్వుతూ నిలబడ్డారు. నన్ను చూసి లేచాడు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. మన వైపు వారు. మీరైనా ఆవిడకు చెప్పండి. మిగిలిన అన్నం రోజూ బిచ్చగాళ్ళకు పెడతానమ్మా. ఒక్క మెతుకు పారేసే బుద్ధి కాదు నాది. ఆ కవర్ల రంగు కూడా నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆయన చేతుల నుంచి పులుసు కారుతోంది. "చెబుతాను," అన్నాను. బస్సెక్కాను. ఆ రోజు ఫైళ్ళలో ఏం రాశానో నాకు గుర్తులేదు.

సాయంత్రం తిన్నగా పాలామె దొడ్డికి వెళ్ళాను. ఆమె మిగిలిన రెండు గేదెలకు మేత వేస్తోంది. మూడో గుంజ దగ్గర ఊడ్చి ముగ్గు వేసి ఉంది.

"అక్కా, ఆ పచ్చ కవర్లు నావి."

ఆమె తిరిగి చూసింది. "ఏందీ?"

"మెస్సాయనవి కావు. నావి. బేగంబజార్‌లో కొన్నాను. మట్టిలో కలుస్తాయన్నారు."

"నీ ఇంట్ల గంత అన్నమేడిది?" ఆమెకు నమ్మకం కుదరలేదు. "మీ వోడని గాయన్ను కాపాడుతున్నవా?"

నేను చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా నాలో నేను కూడా ఆ మాటను పైకి అనుకోలేదు.

"ఇద్దరికి వండుతున్నానక్కా. ఆయన పోయినప్పటి నుంచీ. ఆయన వంతు కవర్లో కట్టి పారేస్తున్నాను."

గడ్డి చేతిలో పట్టుకొని అలాగే నిలబడింది. గేదె మెడ చాచి ఆ గడ్డిని లాక్కుంది. అప్పుడు అడిగింది.

"నాతోని ఎందుకు దాచినవ్?"

"సిగ్గేసింది."

"గా అన్నం బకెట్ల ఏస్తే నేనేమనేదాన్ని?" ఆమె గొంతు లేచింది. "చెయ్యి పెట్టి కలిపేదాన్ని. బర్రె తినేది. బతికేది. నీకు మనిషి పోయిండని నాకెర్క లేదా? గల్లీకి ఎర్క లేదా? ఎవర్కి తెల్వొద్దని మూట గట్టినవ్? నీ సిగ్గును నా బర్రె మింగింది."

క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఆమెను ఆ ఇబ్బందిలో కూడా పెట్టడం న్యాయం కాదనిపించింది.

"పో," అంది. "గా మెస్సాయన కాడికి పో. నేను పెట్టిన తిట్లు నీయి. పోయి తీస్కో."

వెళ్ళాను. అక్కడ నలుగురే తింటున్నారు. వాళ్ళు వినేలాగే చెప్పాను. మెస్సాయన గరిటె ఆపకుండా విన్నాడు. "పొద్దున్న చెప్పుంటే బాగుండేదమ్మా, చేతులు పెట్టకముందు," అన్నాడు. అనాల్సినంత పెద్ద మాటే అది. ఇంటికి వచ్చి మిగిలిన పచ్చ కవర్ల కట్టను ఏం చేయాలో తెలియక వంటింట్లో నిలబడ్డాను. పారేయడానికి కూడా అవి పనికిరావు.

మర్నాడు పాలామె రాదనుకున్నాను. డికాక్షన్ వేసి, పాలు లేకుండా తాగుదామని సిద్ధమయ్యాను కూడా. ఆరింటికి గుమ్మం ముందు క్యాను దించిన చప్పుడైంది. గిన్నె పట్టుకొని బయటికి వచ్చాను. ఆమె నా మొహం చూడలేదు. చెల్లె అనలేదు.

మేం ఆ ఇంట్లో దిగిన మొదటి రోజు నుంచీ మాకు లీటరు పాలు. ఆయన పోయాక తగ్గించమని నేను చెప్పలేదు, తగ్గించాలా అని ఆమె అడగలేదు. ఆ పొద్దున ఆమె అరలీటరు కొలత ముంచి, నా గిన్నెలో పోసి, క్యాను మూత పెట్టేసింది.

గేదె తగ్గింది కదా, పాలు చాలడం లేదేమో అనుకున్నాను.

"ఇంతేనా అక్కా?"

అప్పుడు నా మొహంలోకి చూసింది. కోపం అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు.

"నువ్వొక్కదానివే గద," అంది.

ఆయన పోయిన ఈ పద్నాలుగు నెలల్లో ఆ మాట నా మొహం మీద అన్నవాళ్ళు లేరు. గట్టి మనిషివన్నారు, ధైర్యంగా ఉండమన్నారు, దేవుడున్నాడన్నారు. ఒక్కదానివన్న మాట మాత్రం అందరూ నోటిదాకా తెచ్చుకొని మింగేశారు. నేను అవునన్నాను. ఆమె క్యాను ఎత్తుకొని పక్కింటి గడపకు వెళ్ళింది. నా చేతిలో గిన్నె సగమే నిండి ఉంది. గుమ్మంలో కూర్చొని, గల్లీలో అందరూ చూస్తుండగా, దొడ్లో ఆమె ఏడ్చినట్టే నోరు తెరిచి ఏడ్చాను. ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు.